గేరు పట్టీకి పైనా కిందా

2007 జనవరిలో ఖాడీపార్ నగర పంచాయతీ హాలులో అధికారులు కూర్చుని మంటను పంచుకున్నారు. అప్పటికి మంట లేదు. అది హోలీకి ముందు వస్తుంది. ఏటా వస్తుంది కాబట్టి ముందే పంచుకోండని జిల్లా నుంచి ఆదేశం వచ్చింది.

ఖాడీపార్ సూరత్‌కు దక్షిణాన, భేస్తాన్ దాటాక ఉంటుంది. అక్కడ కాలువ గట్టు మీద ఒక అడవి ఉంది. అడవి అని కాగితాల్లో ఉంది. గట్టు నేల నగర పంచాయతీది. దాని మీద చెట్లు నాటింది రాష్ట్ర అటవీ శాఖ. నాటిన నీలగిరి, వేప, కానుగ మొక్కల్లో సగం చచ్చాయి. చచ్చిన చోట ఎవరూ నాటని సర్కారు తుమ్మ పెరిగింది. చెట్ల కింద గడ్డి, గడ్డి మీద చిందీ. చిందీ అంటే మరమగ్గాల షెడ్ల నుంచి వచ్చే పాలిస్టర్ పీలికలు, తెగిన పోగులు. షెడ్ల సేఠ్‌లు దాన్ని టెంపోల్లో తెప్పించి గట్టు మీద పోయిస్తారు. పోయవద్దని బోర్డు ఉంది. టెంపోలు ఆ బోర్డు పక్కనే ఆగుతాయి.

గట్టుకు ఇవతల చాలీ. అంటే వరుసగా కట్టిన అద్దె గదులు. అన్నిటికీ కలిపి ఒకటే కప్పు. సిరిసిల్ల వైపు నుంచి వచ్చి మగ్గాలు నడిపేవాళ్ళు అందులో ఉంటారు. చాలీ చివరి గదికీ తుమ్మలకూ మధ్య చిన్నవ్వ మెస్సు. రేకుల షెడ్డు. రెండు పాలీల వాళ్ళు, పగటి పాలీ, రాత్రి పాలీ, అక్కడే తింటారు. షెడ్డు వెనక రేకును తుమ్మ కొమ్మలు గీరుతుంటాయి.

చిన్నవ్వకు కావలసింది ఒక్కటే. హోలీ లోపు ఆ తుమ్మలు, వాటి కింది చిందీ పోవాలి. అవి అంటుకుంటే షెడ్డు అంటుకుంటుంది. షెడ్డు అంటుకుంటే చాలీ అంటుకుంటుంది. కిందటేడు మంట షెడ్డు దాకా వచ్చి, గాలి తిరగడంతో ఆగింది. ఆ వారంలోనే రాజలింగం అనే మగ్గం కార్మికుడు కత్తి తీసుకుని రెండు తుమ్మలు నరికాడు. అటవీ గార్డు వచ్చి కేసు రాశాడు. రాజలింగం వర్షాకాలం దాకా రేంజి ఆఫీసు చుట్టూ తిరిగాడు. మంటకు మాత్రం ఎవరి మీదా కేసు లేదు.

సమావేశానికి అధ్యక్షత వహించినాయన పేరు ఉమామహేశ్వరరావు. సూరత్‌లో ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో అధికారి. ఊరు రాజమండ్రి. మంటలతో ఆయనకు సంబంధం లేదు. రాష్ట్రానికీ, స్థానిక సంస్థకూ చెందనివాడు కావాలన్నారు. ఆయన రెండింటికీ చెందడు. అదే అర్హత. స్థానిక ప్రజల తరఫున ఎవరైనా ఉండాలంటే ఆయనే చిన్నవ్వను పిలిపించాడు. తెలుగు మనిషి కాబట్టి మాట్లాడటం తేలిక అన్నాడు. చిన్నవ్వకు హిందీ, గుజరాతీ రెండూ వచ్చు. ఆయన అడగలేదు. ప్రతి మాటా తెలుగులోకి తిప్పి చెప్పాడు.

అటవీ శాఖ రేంజి అధికారి మొదలుపెట్టాడు. "మేం నాటింది చెట్లు. గడ్డి మేం నాటలేదు. గడ్డి మంట మాది కాదు."

"గడ్డి మేమూ నాటలేదు," అన్నాడు పంచాయతీ అధ్యక్షుడు.

"నేల మీదే కదా?"

"నేల మాదే. నేల కాలదు."

దీని మీద చాలాసేపు చర్చ జరిగింది. మధ్యలో లోచో, అంటే సూరత్‌లో తినే శనగపప్పు ఫలహారం, ప్లేట్లలో వచ్చింది. తిన్నంతసేపూ చర్చ ఆగింది. చేతులు కడుక్కుని వచ్చాక ఉమామహేశ్వరరావు పరిష్కారం చెప్పాడు. అటవీ శాఖ తన చెట్ల మొదళ్ళకు ఏటా రంగు వేస్తుంది. నడుము ఎత్తున గేరు, అంటే ఎర్రమట్టి, పట్టీ వేసి, అంచులకు సున్నం పూస్తారు. ఆ పట్టీకి కింద ఉన్న మంట పంచాయతీది. పట్టీకి పైన ఉన్న మంట రాష్ట్రానిది. పంచాయతీ తన బంబా తెస్తుంది, అంటే నీళ్ళ ట్యాంకు ఉన్న ఫైరింజను. అటవీ శాఖ తన కాపలాదారులను తెస్తుంది. ఒకరి పరిధిలోకి ఒకరు రారు.

రెండు పక్షాలూ ఒప్పుకున్నాయి. చప్పట్లు కొట్టాయి.

"నాదొక మాట సారు," అంది చిన్నవ్వ.

"చెప్పమ్మా, భయపడకు."

"భయమేంది? నా షెడ్డు ఎనుక అంత తుమ్మనే. తుమ్మకు పట్టీ లేదు. గా తుమ్మ ఎవ్వలది?"

ఆయన తిప్పి చెప్పాడు. రేంజి అధికారి తల ఊపాడు. "తుమ్మ మేం నాటలేదు. మా లెక్కలో లేదు."

"చెట్లకీ మాకూ సంబంధం లేదు," అన్నాడు పంచాయతీ అధ్యక్షుడు.

"ఎవ్వలది కాకపోతె మేమే కొట్టుకుంటం. ఒక్క పూట పని."

"కొట్టకూడదు. కేసు అవుతుంది."

"మీది కాదంటివి గద సారు?"

"మాది కాదు. కానీ కొట్టకూడదు."

చిన్నవ్వ ఉమామహేశ్వరరావు వైపు చూసింది. ఆయన నవ్వాడు. "చూడమ్మా, ఇన్నాళ్ళూ అసలు ఏర్పాటే లేదు. ఇప్పుడు ఒక ఏర్పాటు వచ్చింది. చిన్న చిన్నవి తర్వాత సర్దుకుంటాయి. మీరు కంగారు పడకండి."

సాయంత్రం పగటి పాలీ వదిలాక మెస్సులో పళ్ళేల ముందు కూర్చున్నవాళ్ళు అడిగారు.

"అవ్వా, మీటింగుల ఏమిచ్చిన్రు?" అన్నాడు రాజలింగం.

"లోచో ఇచ్చిన్రు. మంటను నడుముకాడికి కోసి చెరొక ముక్క తీస్కున్నరు."

"ఎవ్వల నడుముకాడికి?" సోమలింగం అడిగాడు. అతను మగ్గాలు బాగుచేసే పని చేస్తాడు. పొట్టివాడు. "నా నడుముకా, రాజలింగన్న నడుముకా? గది తేల్చకపోతె రేపు పంచాయితి అయితది."

"నీ నడుముకైతె పంచాయతోనికి పని తక్కువ. గాడు నిన్ను దత్తత తీస్కుంటడు," అన్నాడు రాజలింగం.

నవ్వారు. చిన్నవ్వ నవ్వలేదు. రొట్టె తిరగేస్తూ అంది: "పట్టీ ఉంటె ఇద్దర్ల ఒక్కడన్న వస్తడు. లేకుంటె ఒక్కడు రాడు. తుమ్మకు పట్టీ ఏద్దాం."

"తుమ్మకా?"

"చెట్టుకు పేరు రాసున్నదా? ఎర్రమట్టి ఏస్తె అయిపాయె. ఉధ్న బజార్ల దొరుకుతది, తే."

ఖాతాలు బంద్ ఉన్న రోజున, అంటే మగ్గాల షెడ్లకు సెలవు ఉన్న రోజున, నలుగురైదుగురు కలిసి షెడ్డు వెనక తుమ్మలకు పట్టీ వేశారు. ముళ్ళు గుచ్చుకున్నాయి. తుమ్మకు మొదలు ఒకటి ఉండదు, నాలుగైదు కొమ్మలు నేల నుంచే లేస్తాయి. అన్నిటికీ వేశారు. సోమలింగం తన నడుమే కొలత అన్నాడు. రాజలింగం ఒప్పుకోలేదు. చివరికి చిన్నవ్వ నడుము ఎత్తున వేశారు.

అది తప్పు. కానీ చెట్టుకు యజమాని ఉంటే చెట్టును చూసుకుంటాడని వాళ్ళు అనుకున్నారు. మగ్గానికి యజమాని ఉంటే మగ్గాన్ని చూసుకుంటాడు. వాళ్ళకు తెలిసిన యజమానులు మగ్గాల యజమానులు.

ఫిబ్రవరి మొదట్లో రేంజి అధికారి మొక్కలు లెక్కించడానికి వచ్చాడు. గట్టు మీద నాటినవాటిలో ఎన్ని బతికాయో ఏటా పైకి చెప్పాలి. చెప్పవలసిన సంఖ్యకు బతికినవి సరిపోవు. ఆ సంవత్సరం సరిపోయాయి. గార్డు పట్టీలు లెక్కపెడుతూ షెడ్డు వెనక దాకా వచ్చాడు. లెక్కపెడుతూనే పోయాడు.

"సారు, ఇవి తుమ్మలు," అంది చిన్నవ్వ.

"పట్టీ ఉంది," అన్నాడు రేంజి అధికారి.

"పట్టీ మేమే ఏసినం."

ఆయన ఆమెను చూశాడు, తుమ్మలను చూశాడు. "పట్టీ ఉన్న చెట్టు శాఖది. ఎవరు వేశారన్నది శాఖ చూడదు."

"మంచిగాయె. మీదే అయితె మీ చెట్ల కింద చిందీ తీపిచ్చుండ్రి."

"చిందీ పట్టీకి కింద ఉంది. పంచాయతీని అడుగు."

ఆమె పంచాయతీకి వెళ్ళింది. అధ్యక్షుడు కూర్చోమన్నాడు. టీ తెప్పించాడు. పట్టీ చెట్ల మధ్యకు తన మనుషులు పోతే అటవీ శాఖ కేసు పెడుతుందని చెప్పాడు. "ముందు అవి ఎవరివీ కావు, మా వాళ్ళు ఎలాగో వెళ్ళి తీసేవాళ్ళు," అన్నాడు. ముందెప్పుడూ తీయలేదు. టీ బాగుంది.

వారం తిరక్కుండా షెడ్డు వెనక అటవీ శాఖ బోర్డు పాతింది. రక్షిత మొక్కలు, ముట్టుకుంటే శిక్ష.

"అవ్వా, నీ తుమ్మలకు నౌకరి దొరికింది," అన్నాడు సోమలింగం. "సర్కారు నౌకరి. ఇగ వాటిని ఎవ్వడు పీకలేడు."

"నోరు మూస్కొని తిను."

మంట హోలీకి ఇంకా నాలుగైదు రోజులుందనగా మధ్యాహ్నం వచ్చింది. గట్టు అవతలి కొసన ఎవరో చిందీ కుప్పకు నిప్పు పెట్టారు. ఎవరన్నది తెలియలేదు. తెలుసుకోవడం ఎవరి బాధ్యతో సమావేశంలో పంచుకోలేదు. గాలి కాలువ వైపు నుంచి చాలీ వైపు వీస్తోంది.

ఇద్దరూ వచ్చారు. ఆ మాట ఒప్పుకోవాలి. పంచాయతీ బంబా ముందు వచ్చింది. దాని వెనక జీపులో అధ్యక్షుడు. తర్వాత అటవీ శాఖ జీపు, రేంజి అధికారి, కాపలాదారులు. ఏర్పాటు మొదటిసారి పని చేయడం చూడాలని ఉమామహేశ్వరరావు కూడా వచ్చాడు. వెంట పత్రిక ఫోటోగ్రాఫర్ ఉన్నాడు. బంబా గొట్టం విప్పి నేల మీదికి నీళ్ళు కొట్టింది. గడ్డి మంట ఆగుతూ వచ్చింది. అప్పుడు ఫోటో తీశారు.

కాపలాదారులు పచ్చికొమ్మలు విరుచుకుని దిగారు. డాంగ్ అడవుల్లో గడ్డి మంటను అలాగే కొడతారు. అక్కడ అది ఆరుతుంది. ఇక్కడ కింద ఉన్నది పాలిస్టర్. పాలిస్టర్ మండేటప్పుడు కరుగుతుంది. కొట్టిన కొమ్మకు అంటుకుంటుంది. వాళ్ళు కొమ్మ పైకెత్తినప్పుడల్లా మంట కొమ్మతో పాటు లేచింది. విసిరినప్పుడల్లా ముద్ద ఎగిరి తుమ్మల మీద పడింది. తుమ్మ పైకొమ్మలు అంటుకున్నాయి.

"చూశారా," అన్నాడు అధ్యక్షుడు. "పట్టీ దాటింది. ఇప్పుడది మీది."

"మీ చిందీ వల్ల దాటింది," అన్నాడు రేంజి అధికారి.

"మీ వాళ్ళే ఎత్తారు. కింద ఉన్నదాన్ని ఎత్తి పైన పెట్టారు. అందరూ చూశారు."

బంబా మీది మనిషి గొట్టం కిందికే పట్టుకున్నాడు. నీళ్ళు పట్టీ దాకా పోతున్నాయి. పట్టీ తడిసి ఎర్రమట్టి కారుతోంది. దాని పైన కొమ్మలు కాలుతున్నాయి.

చిన్నవ్వ బంబా దగ్గరికి ఉరికింది. "జర పైకి కొట్టు బిడ్డా. జానెడు పైకి లేపు."

అతను అధ్యక్షుడి వైపు చూశాడు. అధ్యక్షుడు రేంజి అధికారి వైపు చూశాడు. రేంజి అధికారి ఉమామహేశ్వరరావు వైపు చూశాడు. ఉమామహేశ్వరరావు గొంతు సవరించుకున్నాడు.

"రాష్ట్రం రాతపూర్వకంగా కోరితే స్థానిక సంస్థ పైకి కొట్టవచ్చు. అలాంటి వెసులుబాటు పెట్టుకున్నాం."

"అయితె కోరుమను!"

"కోరితే డీజిల్ ఖర్చు మా మీద పడుతుంది," అన్నాడు రేంజి అధికారి. "పైవాళ్ళను అడగాలి." ఆయన ఫోను తీశాడు. గట్టు దగ్గర సిగ్నల్ అందదు. సిగ్నల్ కోసం రోడ్డు వైపు నడిచాడు. పరుగెత్తలేదు.

మంట షెడ్డు వెనక రేకుకు పెట్టిన కర్ర గుంజల దగ్గరికి వస్తోంది. షెడ్డులో పగటి పాలీ వాళ్ళు తిండికి వచ్చి ఉన్నారు. కొందరు పళ్ళేలతోనే బయట నిలబడి చూస్తున్నారు. చాలీలో ఆడవాళ్ళు పిల్లలను, గ్యాసు సిలిండర్లను రోడ్డు మీదికి తెస్తున్నారు. చిన్నవ్వ చాలీ కప్పు చూసింది. చివరి గదిలో పైన కట్టెలు, అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. ఆ కప్పూ తన రేకూ తగిలే ఉన్నాయి.

"రాజలింగం! పీకుండ్రి."

"ఏంది అవ్వా?"

"షెడ్డు. రేకులు, గుంజలు, బల్లలు. అంత పీకుండ్రి. జల్ది."

"షెడ్డా?"

"తుమ్మ ముట్టద్దు, చిందీ ముట్టద్దు. ఇదైతె నాది. దీనికెవ్వడ్ని అడుగుడు లేదు. పీకుమంటున్న గద!"

పళ్ళేలు కింద పెట్టారు. సోమలింగం గుంజ ఎక్కి బోల్టులు విప్పబోయాడు. చిన్నవ్వ తిట్టింది. విప్పడానికి టైం లేదు. గుంజలకు తాడు వేసి లాగారు. రేకులు ఒకదాని మీద ఒకటి కూలాయి. వాటిని ఈడ్చుకుంటూ రోడ్డు మీదికి తెచ్చారు. బల్లలు, పిండి డబ్బాలు, వండిన గిన్నెలు తెచ్చారు. వెనక గుంజ ఒకటి అప్పటికే అంటుకుంది. దాన్ని వదిలేశారు. రెండు రేకులను పారల్లా పట్టుకుని నలుగురు చిందీని వెనక్కి తోశారు. ఒకడి చెయ్యి కాలింది.

"అమ్మా, ఆగండి," అంటూ ఉమామహేశ్వరరావు వచ్చాడు. "ఇలా ఎవరికి వారు చేస్తే ఏర్పాటు దెబ్బతింటుంది."

"పక్కకు జరుగు సారు. రేకు తలుగుతది."

ఆయన జరిగాడు.

మంట షెడ్డు ఉన్న చోటికి వచ్చింది. అక్కడ పేడతో అలికి రోజూ ఊడ్చిన నేల ఉంది. కాలడానికి ఏమీ లేదు. కాసేపు అంచున తిరిగింది. తర్వాత గాలి తగ్గడంతో కాలువ వైపు పోయి అక్కడ ఆరింది. చాలీ కప్పుకు పొగ పట్టింది. అంతకు మించి ఏమీ కాలేదు. రేంజి అధికారి రోడ్డు మీద నుంచి తిరిగి వచ్చాడు. అనుమతి రేపు చెబుతామన్నారని చెప్పాడు.

మర్నాడు ఉదయం హాలులో సమీక్ష జరిగింది. పట్టీకి కింద మంట ఆర్పినట్టు పంచాయతీ చెప్పింది. అది నిజమే. పట్టీకి పైన మంట ఇప్పుడు లేదని అటవీ శాఖ చెప్పింది. అదీ నిజమే. కాలిపోయిన తుమ్మలను ఆ ఏటి నష్టంగా రాసుకున్నారు. వచ్చే ఏడు వాటి స్థానంలో కొత్త మొక్కలు నాటడానికి నిధి అడగవచ్చు. స్థానిక ప్రజలు స్వచ్ఛందంగా ఒక అగ్నిరేఖ ఏర్పరిచారని ఉమామహేశ్వరరావు చెప్పాడు. అగ్నిరేఖ అంటే మంట దాటకుండా ఖాళీగా ఉంచే నేల. ఆ నేలను శాశ్వతంగా అలాగే ఉంచాలని తీర్మానించారు. చప్పట్లు కొట్టారు.

ఆ మాట చెప్పడానికి ముగ్గురూ ఒకే జీపులో చాలీకి వచ్చారు. జీపు చాలీ ముందు నుంచి పోయి గట్టు దగ్గర ఆగింది.

చిన్నవ్వ రోడ్డు మీద వండుతోంది. పొద్దున్నే ఇటుకలు పేర్చి పొయ్యి పెట్టింది. రాజలింగం, సోమలింగం పాలీకి పోలేదు. వంకర పోయిన రేకులను రాయి మీద పెట్టి కొడుతున్నారు.

ఉమామహేశ్వరరావు చేతులు జోడించాడు. "అమ్మా, నిన్న మీరు చేసిన త్యాగం మామూలుది కాదు. అందరం మెచ్చుకున్నాం. పేపర్లో కూడా వచ్చింది."

"త్యాగమేంది సారు? షెడ్డు పీకిన. రేకులు సాపు అయినంక మాపటికల్ల మల్ల ఏస్త."

"అదే చెప్పడానికి వచ్చాం. అక్కడ వేయకూడదమ్మా. అది ఇప్పుడు అగ్నిరేఖ. ఖాళీగా ఉండాలి."

రాజలింగం సుత్తి ఆపాడు.

"నా జాగనా?"

"మీ మంచికే. షెడ్డు ఉంటే మంట చాలీకి వస్తుంది. లేదు కాబట్టే రాలేదు. మీరే నిరూపించారు."

"గా తుమ్మలు?"

"అవి పట్టీ ఉన్న చెట్లు. వాటి వేళ్ళు బతికే ఉన్నాయట. మళ్ళీ చిగురిస్తాయి."

"చిందీ?"

"అది ఇంకా పరిశీలనలో ఉంది."

"మరి గా ఖాళీ జాగ ఊడ్చేదెవ్వలు? ఊడ్వకుంటె గాడగూడ చిందీ పడతది."

ఉమామహేశ్వరరావు మిగతా ఇద్దరినీ చూశాడు. ఈసారి అది ఎవరిదని వెతుక్కోవలసిన పని లేదు. "స్థానిక ప్రజలు," అన్నాడు. "అంటే మీరు. మీకు కూడా ఒక బాధ్యత ఇచ్చాం."

"అంటె పైన ఈయన, కింద గాయన. ఊడ్చుడు నాది."

"అలా అనుకోవచ్చు."

చిన్నవ్వ పొయ్యి వైపు తిరిగింది. గరిటె తీసుకుని గిన్నె కలిపింది. ఆమె ఒప్పుకున్నట్టు ఉమామహేశ్వరరావు మిగతా ఇద్దరికీ హిందీలో చెప్పాడు. ముగ్గురూ జీపెక్కారు.

అప్పుడే పగటి పాలీ వాళ్ళు తిండికి వచ్చారు. కూర్చోవడానికి షెడ్డు లేదు. రోడ్డుకు ఆ అంచు నుంచి ఈ అంచు దాకా వరుసలు కట్టి కూర్చున్నారు. పళ్ళేలు పెట్టుకున్నారు. చేయి కాలినవాడు ఎడమ చేత్తో తింటానన్నాడు. గట్టు నుంచి బయటికి పోవడానికి ఆ రోడ్డు ఒక్కటే ఉంది.

డ్రైవరు హారన్ కొట్టాడు. ఎవరూ తల ఎత్తలేదు. మళ్ళీ కొట్టాడు.

అధ్యక్షుడు కిటికీలోంచి తల బయట పెట్టాడు. "లేవండి. ఇది రోడ్డు."

"ఎవ్వలది?" అడిగాడు సోమలింగం.

అధ్యక్షుడు తల లోపలికి తీసుకుని రేంజి అధికారి వైపు చూశాడు. రోడ్డు గట్టు నేల మీద ఉంది. తారు పోసింది రాష్ట్రం. రేంజి అధికారి అవతలి వైపు చూస్తున్నాడు.

ఉమామహేశ్వరరావు దిగి వచ్చాడు. "చిన్నవ్వగారూ, మీరు చెప్తే లేస్తారు. నాకు ఆఫీసులో పని ఉంది."

ఆమెను ఆయన గారూ అనడం అదే మొదలు.

"ఆకలి మీద ఉన్నరు సారు. పాలీల నిలబడి నిలబడి వచ్చిన్రు. తిన్నంక లేస్తరు."

"ఎంతసేపు?"

"ఇంక వడ్డియ్యనే లేదు," అంది. వరుస మొదటికి పోయి, మొదటి పళ్ళెంలో అన్నం వేసింది. నిదానంగా వేసింది. చాలా అని అడిగింది. చాలదన్నాడు. ఇంకొంచెం వేసింది.